ఎవరిదో తెలియని సర్క్యూట్

రిటైరయ్యాక తిరుపతిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పక్కన కూర్చున్న ఆవిడ మీరేం పని చేసేవాళ్ళని అడిగింది. ఏటీఎం స్విచ్‌లు చూసుకునేదాన్ని అన్నాను. "మా వీధిలో మిషన్ నెల నుంచి నోట్లు ఇవ్వడం లేదు మేడం, మీవాళ్ళకి ఒక మాట చెప్పరాదా" అంది. చెప్తానని తల ఊపాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను వివరించి వివరించి అలసిపోయిన విషయం అది. విస్తరి ముందు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేకపోయింది.

ఇక్కడ మాత్రం ఒకసారి చెప్పాలి. నోట్లిచ్చే మిషన్‌కీ మా ఏటీఎంకీ పేరు తప్ప ఏ సంబంధమూ లేదు. ఫోన్‌లో మాట కానీ, కంప్యూటర్ సమాచారం కానీ, ఆసుపత్రి వాళ్ళు తీసిన ఫొటో కానీ, దేన్నయినా ఒకే కొలతలో చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా ఒక నంబరు వేసి పంపే పద్ధతి అది. ఆ ముక్కను సెల్ అనేవాళ్ళం. బీరువా అంత ఉండే స్విచ్ ఆ నంబరు చూసి, తన లోపలి పట్టికలో మేము రాసిపెట్టిన ప్రకారం దాన్ని ఏ దారిన పంపాలో ఆ దారిన పంపేది. ఇద్దరు మనుషుల మధ్య అలా రాసిపెట్టిన దారి పేరు సర్క్యూట్. పట్టికలో ఒక వరస రాస్తే దారి పుడుతుంది, ఒక వరస కొట్టేస్తే పోతుంది. నా ఉద్యోగమంతా ఆ రాయడం, కొట్టేయడమే.

ఆ స్విచ్‌లు ఇప్పుడు లేవు. మీరు వాడే పెట్టెలు వేరు, వాటి భాష వేరు. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీ కోసమే ఇది రాస్తున్నాను. పరికరం మారినా, గదిలో కూర్చుని ఎక్కడో ఉన్న మనిషి దారిని ఒక వేలితో కొట్టేసే అవకాశం మీకు కూడా ఉంది.

మునికృష్ణ గారు

తిరుపతి స్విచ్ గదికి నన్ను వేసినప్పుడు అక్కడ పై అధికారి మునికృష్ణ గారు. ఆయన గురించి మంచీ చెడూ రెండూ చెప్పాలి.

ఆడవాళ్ళకు ఆ గది సరిపడదని ఆయన నమ్మకం. అది దాచుకోలేదు కూడా. "నీకు బిల్లుల సెక్షన్ అయితే సుఖంగా ఉంటాది గదమ్మా" అని మొదటి వారంలోనే అన్నాడు. నాలుగు నెలలు నన్ను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. రిపోర్టులు టైపు చేయించాడు. చివరికి నేను పై ఆఫీసుకు కాగితం పెడతానంటే అప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఆ నాలుగు నెలలకు ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

కానీ పనిలో ఆయనకొక పట్టుదల ఉండేది. ఏ సర్క్యూట్ రాసినా రెండు చివర్లలో ఉన్న మనుషుల పేర్లు తెలియాలి. ఏది కొట్టేయాలన్నా ముందు రెండు చివర్లకూ ఫోన్ చేసి "ఇది మీకు ఇంకా కావాలా" అని అడగాలి. స్విచ్‌లో ఆ పేర్లు రాయడానికి ఖాళీ ఉండేది కానీ అది నింపకపోయినా స్విచ్ పని చేసేది. అందుకని ఎవరూ నింపేవాళ్ళు కాదు.

"కౌంటర్ చూస్తే తెలిసిపోతుంది కదా సార్, సెల్స్ పోతున్నాయా లేదా అని" అన్నాను ఒకసారి.

"కౌంటర్ సెల్స్‌ని లెక్కపెడతాదమ్మా. మనుషుల్ని లెక్కపెట్టదు" అన్నాడు.

ఆ మాట నాకు పాతకాలపు చాదస్తంలా వినిపించింది. కంప్యూటర్ మీద నాకున్న వేగం ఆయనకు లేదు, అందుకే ఇలాంటివి చెప్తున్నాడనుకున్నాను.

దొరస్వామి చెవి

దొరస్వామి మా టెక్నీషియన్. పాకాల మనిషి. రోజూ రైల్లో వచ్చి పోయేవాడు. స్విచ్ గది పక్కనే ఉన్న కేబుళ్ళ గది ఆయనది. ఊళ్ళోని ఏ తీగ ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలుతుందో కాగితం చూడకుండా చెప్పేవాడు.

నేను పనిలో కుదురుకున్న కొత్తలో చిత్తూరు వైపు ఫోన్లలో ఏదో తేడా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. నేను స్విచ్ చూశాను. అన్నీ పచ్చ లైట్లే. మాది బాగానే ఉందని రాసి పంపేశాను. దొరస్వామి మాత్రం పరీక్ష ఫోన్ చెవికి పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు.

"మేడం, టక్‌మంటా ఉండాది. కొంచెం సేపుకి ఒకసారి, లెక్కగా. ఇనండి" అన్నాడు.

"లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి దొరస్వామీ."

"లైట్లు మనకి మేడం. ఆడ మాట్లాడేవాళ్ళకి లైటు కనపడదు కదా."

విన్నాను. నిజంగానే గడియారం కొట్టినట్టు లెక్కగా ఒక టక్ శబ్దం. స్విచ్‌లన్నీ ఒకే తాళంలో నడవాలంటే ఒక అసలు గడియారం నుంచి సమయం తీసుకోవాలి. కొన్ని రోజుల ముందు నేనే తిరుపతి స్విచ్‌కు చిత్తూరు నుంచి తీసుకోమని రాసిపెట్టాను. చిత్తూరు స్విచ్‌కు తిరుపతి నుంచి తీసుకోమని అంతకుముందే రాసి ఉంది. ఒకదాన్ని చూసి ఒకటి నడుస్తూ రెండూ కలిసి అసలు సమయం నుంచి పక్కకు జరిగిపోతున్నాయి. ఆ తేడా పేరుకున్నప్పుడల్లా మాటలో ఒక ముక్క పోయి టక్‌మంటోంది. తమలో తమకు తేడా కనిపించక రెండూ పచ్చ లైట్లే చూపిస్తున్నాయి.

సరిచేయడం ఒక్క నిమిషం పని. దొరస్వామి మళ్ళీ ఫోన్ చెవికి పెట్టుకుని, చాలాసేపు విని, "ఇప్పుడు బాగుండాది" అన్నాడు. నా తప్పని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉదయం

పట్టిక నిండిపోతోంది, వాడనివి తీసేసి కొత్తవాటికి చోటు చేయండని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మామిడికాయల కాలం. మునికృష్ణ గారు ఏదో మీటింగుకు వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే. పక్క గదిలో దొరస్వామి కేబుళ్ళకు పట్టిన దుమ్ము దులుపుతున్నాడు.

కౌంటర్లు రోజూ తెల్లవారుజామున మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి. అప్పటి నుంచి ఒక్క సెల్ కూడా పోని సర్క్యూట్లు తొమ్మిది తేలాయి. ఏడింటికి కనెక్షన్ రద్దయిన కాగితాలు దొరికాయి. మిగతా రెండింటికి పేరు లేదు. నాకు ముందున్న వాళ్ళెవరో రాసి వదిలేశారు. పేరు లేకపోతే ఫోన్ ఎవరికి చేయాలి? తీగ పట్టుకుని వెతుక్కుంటూ పోతే ఒక రోజు పడుతుంది. సాయంత్రంలోగా జాబితా పంపాలి. పదకొండు గంటలప్పుడు తొమ్మిదీ కొట్టేశాను.

పన్నెండు దాటాక చిత్తూరులోని ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ తలకు తీసిన స్కాన్ ఫొటోలు తిరుపతిలోని పెద్ద ఆసుపత్రికి పంపుతారట. ఇక్కడి డాక్టరు చూసి రోగిని తీసుకురావాలో, అక్కడే ఉంచాలో చెప్తాడట. ఆ రోజు ఫొటో పోవడం లేదు.

"చెట్టు మీంచి పడిన మనిషండీ. ఇంతసేపూ మా కంప్యూటరే చెడిపోయిందనుకొని దాంతోనే కుస్తీ పడతా ఉండినాం. లైను ఎప్పుడొస్తాది?" అన్నాడు అవతలి మనిషి.

ఆ సర్క్యూట్‌లో రోజుకు ఒకటో రెండో ఫొటోలు పోతాయి. కొన్ని రోజులు ఏవీ పోవు. ఆ ఉదయం అప్పటిదాకా ఎవరికీ తలకు దెబ్బ తగల్లేదు కాబట్టి కౌంటర్ సున్నా చూపించింది. అంతే.

పాత జాబితా ముందు పెట్టుకుని అంకెలు సరిచూసుకుంటూ పేరు లేని రెండు వరసలూ మళ్ళీ రాశాను. అది రెండు నిమిషాల పని. కానీ అవతలివాళ్ళు తమ కంప్యూటర్లను అనుమానించి, విప్పి, బిగించి, మాకు ఫోన్ చేసేసరికి గంట పైగా గడిచిపోయింది. ఇక ఆగలేమని మనిషిని అంబులెన్సులో ఎక్కించి తిరుపతికి పంపించేశారని తర్వాత తెలిసింది.

నేను వరసలు రాసి ముగించేసరికి మునికృష్ణ గారు తిరిగి వచ్చారు. ఆసుపత్రి లైను పోయిందని దారిలోనే ఎవరో చెప్పారు. వస్తూనే కేబుళ్ళ గదిలో గుడ్డ పట్టుకుని నిలబడిన దొరస్వామిని చూశారు.

"నిన్ను ఎవురు తాకమన్నారయ్యా పనిగంటల్లో? నీ చెయ్యి పెట్టినావంటే ఏదో ఒకటి ఊడిపోతాది. నిన్ను మదనపల్లెకి తోస్తేగానీ బుద్ధి రాదు" అన్నారు. పక్క సెక్షన్ల వాళ్ళందరూ విన్నారు.

దొరస్వామి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కొట్టేసింది నేనేనని నేను చెప్పలేదు. ఎందుకని ఇన్నేళ్ళుగా ఆలోచించాను. ఆ గదిలోకి రావడానికి నేను పోరాడాను. నేనే చేశానంటే, ఆడవాళ్ళకు ఇది సరిపడదని ఆయన మొదటి వారంలో అన్నది నిజమైపోతుంది. అది ఒక కారణం. రెండో కారణం మామూలు భయం. మొదటిదాన్ని అడ్డం పెట్టి రెండోదాన్ని దాచుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి వంట చేశాను, అందరితో పాటు తిన్నాను. ఒక్క ముద్ద రుచి కూడా గుర్తులేదు.

మర్నాడు

ఉదయం మునికృష్ణ గారి గదిలోకి వెళ్ళి నిలబడి చెప్పేశాను. పేరు లేని రెండు సర్క్యూట్లు అడక్కుండా కొట్టేశానని, దొరస్వామి చేతికీ దానికీ సంబంధం లేదని.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను.

"దొరస్వామికి చెప్పినావా?"

"లేదు సార్."

"ముందు ఆయనకి చెప్పు. నాకు తర్వాత."

కేబుళ్ళ గదికి వెళ్ళి చెప్పాను. దొరస్వామి పని ఆపలేదు. రెండు తీగలు మెలిపెడుతూనే అన్నాడు. "నాకు తెలుసు మేడం. తీగ కదిలుంటే ఈడికి వచ్చి నేను సరిజేస్తేగానీ లైను రాదు. ఎవురూ రాకుండానే వచ్చింది. అంటే మీ గదిలో పోయి, మీ గదిలోనే వచ్చింది."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"మీరు సెప్తారా లేదా అని సూస్తా ఉండినా."

కాసేపటికి మునికృష్ణ గారు వచ్చారు. ముందురోజు విన్నవాళ్ళందర్నీ పిలిచారు. "నిన్న దొరస్వామిని నేనన్న మాట తప్పు. పొరపాటు స్విచ్ గదిలో జరిగింది. గదికి బాధ్యుణ్ణి నేను" అని చెప్పి వెళ్ళిపోయారు. నా పేరు ఎత్తలేదు. పై ఆఫీసుకు పంపిన కాగితంలో మాత్రం నా పేరు ఉన్నదున్నట్టు రాశారు. నాకు ఒక మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. రెండూ న్యాయమే. ఆడవాళ్ళ గురించి ఆయన ఆ రోజు ఒక్క మాట అనలేదు, తర్వాత కూడా అనలేదు. మనిషిలో ఒక మూల ఇరుగ్గా ఉన్నంత మాత్రాన మిగతా మనిషంతా అంతేనని తీర్మానించకూడదని ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

వార్డులో

చెట్టు మీంచి పడిన మనిషి పేరు చెంగల్రాయుడు. పాకాల దగ్గర పల్లె. మామిడికాయలు కోస్తుంటే కొమ్మ విరిగింది. మూడో రోజు తిరుపతిలోని పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషన్ అయింది, ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి మాత్రం లేవడం లేదు. ఆలస్యం వల్లనా అని డాక్టర్ని అడిగాను. అయి ఉండవచ్చు, కాకపోవచ్చు, చెప్పలేమన్నాడు.

వార్డు బయట ఆయన భార్య కుప్పమ్మ కూర్చుని ఉంది.

"మీరెవురమ్మా, ఆసుపత్రోళ్ళా?"

"కాదమ్మా. చిత్తూరు నుంచి ఇక్కడికి ఫొటో వచ్చే లైను చూసేదాన్ని. ఆ రోజు అది నా వల్లే ఆగింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఎంత సేపు ఆగింది?"

"గంట పైన."

"ఆ గంటసేపూ మేము ఆడ బెంచీ మింద కూర్చోనుంటిమి. ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాది అంటా ఉండిరి" అంది. మళ్ళీ తనే అడిగింది. "ఈయన చెయ్యి పోయింది దానికేనా, పడినందుకా?"

"తెలీదమ్మా. డాక్టరు కూడా చెప్పలేనన్నాడు."

"తెలీదంటే ఇంగ నేనేం అనేది" అని మొహం అటు తిప్పుకుంది. నేను లేవబోతుంటే మళ్ళీ పిలిచింది. "చెయ్యికి కసరత్తు చేయిస్తారంట. ఆ డాక్టరు యాడ ఉంటాడో కనుక్కోని సెప్పు. ఈడ ఎవురినడిగినా ఇంకోర్ని అడగమంటా ఉండారు."

ఫిజియోథెరపీ గది ఎక్కడుందో కనుక్కుని, ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి, పేరు రాయించాను. ఆమె క్షమించానని అనలేదు. నేను అడగలేదు. ఏడాది తర్వాత ఆ పల్లెకు వెళ్ళినప్పుడు చెంగల్రాయుడు కుడిచేత్తో కండువా దులుపుకోగలుగుతున్నాడు. చెట్టు మాత్రం ఎక్కలేడు. కోతకు కూలీలను పెట్టి, కింద నిలబడి ఏ కొమ్మ కోయాలో చెప్తున్నాడు. నన్ను చూసి కూర్చోమని రెండు కాయలు కోసి పెట్టించాడు. తిన్నాను. తినక తప్పలేదు.

ఆ తర్వాత పేరు లేని ప్రతి వరసకూ మనిషిని వెతికి రాశాను. మునికృష్ణ గారు రిటైరై వెళ్ళేనాటికి పట్టికలో ఖాళీలు చాలావరకు నిండాయి. చాలావరకు మాత్రమే.

చివరి స్విచ్

నా ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా ఆ స్విచ్‌ను మూసేయాలని నిర్ణయించారు. సర్క్యూట్లన్నీ కొత్త పరికరాల మీదకు మార్చడానికి హారిక అనే ఇంజనీరు వచ్చింది. చురుకైన పిల్ల. నాకు నెల పట్టే పని పది రోజుల్లో ముగించింది. చివరకు ఒక్క సర్క్యూట్ మిగిలింది. పేరు లేదు. ఫైలు లేదు. కౌంటర్ మాత్రం ఆగకుండా తిరుగుతోంది.

"సెల్స్ పోతున్నాయి కదా, ఎవరో వాడుతున్నట్టేనా మేడం?" అంది హారిక. తర్వాత తనే సర్దుకుంది. "కాదులెండి. ఇది ఫోన్ లైను రకం. అవతల మనిషి లేకపోయినా, మాట లేకపోయినా ఖాళీ సెల్స్ పంపుతూనే ఉంటుంది. దీన్నిబట్టి ఏమీ తెలీదు. ఆపేసి చూద్దాం. ఎవరిదైనా అయితే వాళ్ళే ఫోన్ చేస్తారు."

ఆమె చెప్పిన సాంకేతిక విషయం పూర్తిగా సరైనది. ఆపేసి చూడటం ఈ వృత్తిలో చాలామంది చేసేదే. నేను ఒప్పుకోలేదు. ఆసుపత్రి సంగతి ఆమెకు మొదటిసారి అప్పుడే చెప్పాను. విని, కుర్చీ వెనక్కి జరిపి, "అయితే ఎక్కడికి పోతుందో చూద్దాం పదండి" అంది.

ఒక చివర చిత్తూరులో తేలింది. అక్కడి నుంచి ఒక పాత కేబుల్ ఊళ్ళోకి పోతోంది, ఎక్కడికో రాసి లేదు. రెండో చివర పుత్తూరు దాటి కొండల్లోకి. అప్పటికి రిటైరై పాకాలలో ఉన్న దొరస్వామికి ఫోన్ చేశాను. కేబుల్ నంబరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"కొండల్లో ఒక చిన్న రిజర్వాయరు ఉండాది మేడం. కాపలా గుడిసె దాకా నేనే లాగినా ఆ తీగ. అప్పుడు ఆడ ఒక ముసలాయన ఉండె. ఇప్పుడు ఎవురుండారో, ఉండారో లేదో."

మర్నాడు పొద్దున్నే హారికా నేనూ జీపులో వెళ్ళాం. కొండల మధ్యకు పోయేసరికి ఇద్దరి సెల్‌ఫోన్లలోనూ సిగ్నల్ పోయింది. రిజర్వాయరు కట్ట చివర కాపలా గది. బయట ఒకాయన పళ్ళు తోముకుంటున్నాడు. పేరు పెంచలయ్య, కాపలా మనిషి. లోపల బల్ల మీద అంకెలు లేని నల్ల ఫోన్.

"ఇది పని చేస్తుందా?" అని అడిగింది హారిక.

"చెయ్యకేం. పొద్దున్నే ఎత్తితే చిత్తూరు ఆఫీసులో మోగతాది. నీళ్ళు ఎన్ని అడుగులుండాయో సెప్తా. వానలప్పుడు గంటకోసారి సెప్తా. కింద నాలుగు పల్లెలుండాయి. ఈణ్ణుంచి సెప్తేనే వాళ్ళని లేపేది" అన్నాడు పెంచలయ్య. "సెల్లు ఈడ పలకదు కదా."

"ఒకసారి ఎత్తి చూడొచ్చా?"

"సూడమ్మా. ఎట్లాగూ టైమయింది" అని ఆయన నోరు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకు వెళ్ళాడు.

హారిక ఫోన్ ఎత్తింది. నేను పక్కనే నిలబడ్డాను. రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు. హలో అనలేదు. కుర్చీ లాక్కున్న శబ్దం, తర్వాత నింపాదిగా ఒక పెద్దమనిషి గొంతు నాకు కూడా స్పష్టంగా వినిపించింది.

"చెప్పు పెంచలయ్యా. ఎన్ని అడుగులు?"

హారిక నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూపించాను. అక్కడి నుంచి నీళ్ళలో నిలబెట్టిన కొలత రాయి కనిపిస్తోంది, దాని మీద తెల్లరంగుతో అంకెలు. ఆమె తీగ సాగినంత మేర ఫోన్ పట్టుకుని కిటికీ దాకా వెళ్ళి, కళ్ళు చిట్లించి చూసి, "పదకొండు అండీ" అంది. మళ్ళీ ఒకసారి వంగి చూసి సరిచేసింది. "పదకొండున్నర."